తలుపు లాగే పెద్దాయన

"అమ్మా, ఇవాళ కూడా ఆ తాత మన తలుపు లాగాడు."

ఇంకా చెప్పులైనా విప్పలేదు. కూతురు ఆ మాట అనేసరికి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, లోపల గడియ పెట్టుకుని కూర్చుంటుంది పిల్ల. బట్టల కొట్లో బిల్లులు రాసే తల్లి వచ్చేసరికి మరో గంట పడుతుంది. ఆ గంటా ఆమె ఒళ్లు కొట్లో ఉంటుంది, ప్రాణం ఈ తలుపు దగ్గర ఉంటుంది.

"ఏమన్నా అన్నాడా? గట్టిగా లాగాడా?"

"ఒక్కసారే. కిటికీలోంచి చూశా. తర్వాత ఎదురింటివాళ్లదీ లాగి కిందికెళ్లాడు."

పై అంతస్తులోకి కొత్తగా దిగిన పెద్దాయన. బ్యాంకులో చేసి రిటైరయ్యాడట. ఎవరితోనూ మాటా మంతీ లేదు. సాయంత్రమయితే భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతాడు. వీధి చివరిదాకా వెళ్లొచ్చినా ఆ చెయ్యి వదలడు.

"బయల్దేరాడమ్మోయ్ కొత్త పెళ్లికొడుకు!" అని నవ్వుతుంది ఎదురింటావిడ.

ఆమెకి మాత్రం నవ్వు రాలేదు.

"నీకు పిల్లి తుమ్మినా దొంగే. పెద్దవయసు చాదస్తం, వదిలెయ్" అన్నాడు భర్త.

"అలాగే వదిలేస్తా. రేపేదన్నా అయ్యాక తీరిగ్గా పేపర్లో చదువుకుందురుగాని."

మర్నాడు తలనొప్పని చెప్పి పెందరాళే ఇంటికొచ్చేసింది. పిల్లని లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు వెనకాల నిలబడింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. పిడి కదిలింది.

భళ్లున తలుపు తీసింది.

పెద్దాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏం కావాలండీ మీకు? ఆడపిల్ల ఒంటరిగా ఉంటుందని తెలిసే వస్తున్నారా?"

"అయ్యయ్యో, అది కాదమ్మా..."

"మరేది? నా తలుపుతో మీకేం పని?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. మెట్లెక్కుతున్నవాళ్లు ఆగిపోయారు. పెద్దాయన అందరివంకా చూశాడు. మొహం తుడుచుకున్నాడు.

"బ్యాంకులో పడ్డ అలవాటమ్మా. లాకర్ల గది మూశాక పిడి లాగి చూసుకోవాలి. ఈ చెయ్యి ఊరుకోదు."

"ఊరుకోకపోతే మీ ఇంట్లోనే కట్టేసుకోండి! ఇంకోసారి లాగారో, పోలీసులే!"

"లాగనమ్మా. తప్పయిపోయింది."

అన్నమాట ప్రకారం మళ్లీ లాగలేదు. ఆ షికారు కూడా మానేశాడు.

ఆమె నిశ్చింతగా ఉండాలి కదా? ఉంటేనా! బయటికి రాకుండా లోపల కూర్చుని ఏం ఆలోచిస్తున్నాడో అని కొత్త బెంగ పట్టుకుంది.

నెల తిరక్కుండానే పెద్దాయన నిద్రలోనే పోయాడు.

కింద బళ్లు పెట్టుకునే చోట కుర్చీలు వేసి సంతాప సభ పెట్టారు. ఒకే భవనం, వెళ్లకపోతే బాగుండదని వెళ్లింది. ఆయనతో బ్యాంకులో పనిచేసిన ఒకాయన లేచాడు.

"ఇంటి మనిషండీ వాడు. ఆఫీసయ్యాక టీకి కూడా ఆగేవాడు కాదు. చేరిన దగ్గర్నుంచీ ఇద్దరం టపా సెక్షనే. తాళాలంటే వాడికి హడలు. లాకర్ల గది గుమ్మం కూడా ఎప్పుడూ తొక్కలేదు."

అందరూ తడికళ్లతోనే నవ్వారు.

ఆమెకి మాత్రం ఆరోజు ఆయన చెప్పిన లాకర్ల గది మాట గుర్తొచ్చింది. అయితే ఆ మాట అబద్ధమా? అలవాటు కాకపోతే మరెందుకు లాగినట్టు? చచ్చిపోయిన మనిషి గురించి అలా అనుకోకూడదనుకుంటూనే, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

రెండ్రోజుల తర్వాత కొట్టు నుంచి పెందరాళే వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తీసి ఉంది.

"అమ్మలూ!" కేక పెడుతూ లోపలికి పరుగెత్తింది.

కూతురు కిందకూర్చుని ఉంది. కుర్చీలో పెద్దాయన భార్య, పిల్లకి జడ అల్లుతోంది.

"అమ్మా, తాళం తీస్తుంటే మామ్మ నా వెనకాలే వచ్చేసింది. ఇది వాళ్లిల్లేనట."

"వచ్చావా?" అందావిడ ఆమెని చూసి. "ఎవరే నువ్వు?"

మెట్ల మీద నుంచి రొప్పుకుంటూ పెద్దాయన కూతురు దిగొచ్చింది. చేతులు జోడించింది.

"ఏమీ అనుకోకండక్కా. ఒక్క నిమిషం అటు తిరిగా. అమ్మకి ఏ ఇల్లు తనదో గుర్తుండదు. తెరిచిన తలుపు కనిపిస్తే చాలు, చెయ్యి విదిలించుకుని వెళ్లిపోతుంది. పాత ఇంటి దగ్గర ఒకావిడ మెడపట్టి గెంటేసింది. ఈ జబ్బు సంగతీ, తలుపుల సంగతీ మాక్కూడా చెప్పలేదు నాన్న. అమ్మని చూసే డాక్టరుగారికొక్కరికే చెప్పుకున్నారట, ఆయన చెబితే ఇప్పుడు తెలిసింది."

"తలుపుల సంగతేంటి?" అంది ఆమె.

"ఇక్కడ కూడా ఎవరింట్లోనన్నా దూరి మాట పడుతుందేమోనని, రోజూ నాన్న ముందు తనొక్కరే దిగి, అందరి తలుపులూ వేసున్నాయో లేదో లాగి చూసుకుని, అప్పుడు పైకెళ్లి అమ్మని తీసుకొచ్చేవారట."