ముప్పై ఒకటి లోపు

ఇంద్రజ ముందు బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

ఒకటి గ్రేటర్ నోయిడాలోని నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చింది. సీటు ఇచ్చాం, ఆగస్టు ముప్పై ఒకటి లోపు వచ్చి చేరమని అందులో ఉంది. రెండోది మేనమామ బసవపున్నయ్య తెచ్చాడు. ఢిల్లీలోని ద్వారక నుంచి మెట్రోలో వస్తూ, మధ్యలో దిగి ఆసుపత్రిలో అడిగి మరీ పట్టుకొచ్చాడు. దాని మీద సంతకం పెడితే, నాన్న ముప్పై ఐదేళ్లు చాకిరీ చేసిన ఆ సర్కారు ఆసుపత్రిలోనే వార్డు అటెండరు ఉద్యోగం ఖాయం అంటున్నాడు.

నాన్న పద్మనాభం డ్యూటీలో స్ట్రెచర్ తోస్తూ తోస్తూ కుప్పకూలిపోయి ఇవాళ్టికి పదకొండో రోజు. పరామర్శకి వచ్చేవాళ్లు కూడా పలచబడ్డారు.

బసవపున్నయ్య కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. రూల్సు ఆయనకు కొట్టిన పిండి.

"సర్వీసులో ఉండగా పోయినవాళ్ల పిల్లలకిచ్చే ఉద్యోగమమ్మా ఇది. పరీక్షా లేదు, పాడూ లేదు. మీ నాన్న ఆఫీసులో మాట్లాడొచ్చాను. ఖాళీ ఉంది. కానీ ముప్పై ఒకటి దాటిందంటే ఎవడు తలకిందులుగా తపస్సు చేసినా రాదు. ఇవాళ ఇరవై ఆరు."

వంటింటి గుమ్మంలో కూర్చున్న తల్లి ఉమ తలెత్తింది. "దానికి చదువుకోవాలని ఉంది అన్నయ్యా."

"నాలుగేళ్లు ఉమా! ఈలోగా ఈ క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. ఇద్దరు ఆడపిల్లల్నేసుకుని ఎక్కడికి పోతావ్? చిన్నది పదో తరగతి. దాని సంగతేంటి?"

నోట్లో నాలుక లేని మనిషి ఉమ. అయినా ఆ పూట గట్టిగానే చెప్పింది.

"ఆ కాగితం మీద నేను మాత్రం సంతకం పెట్టను. నన్ను చంపినా పెట్టను."

"నువ్వు పెట్టకపోతే పిల్ల పెడుతుంది. పంతొమ్మిదేళ్లొచ్చాయి, మేజరే."

ఇంద్రజను నర్సును చెయ్యాలన్నది అసలు నాన్న కోరిక. 'వార్డులో నన్ను ఓయ్ అంటారు తల్లీ. సిస్టర్ని మాత్రం పెద్ద డాక్టరైనా సిస్టర్ అనే పిలవాలి. నువ్వు సిస్టర్‌వి కావాలి' అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన మొహం చూసి తీరాలి.

"మావయ్యా, ఏక్ దిన్ టైమ్ ఇవ్వండి. రేవతి దీదీని అడిగి చెప్తా" అంది.

రేవతి నాన్న వార్డులోనే నర్సు. నెల్లూరు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడింది. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇంద్రజ మొత్తం చెప్పింది. మామయ్య తెచ్చిన కాగితం సంగతి కూడా దాచలేదు.

"సచ్ చెప్పండి దీదీ. నర్సింగ్‌లో చేరనా, జాబ్ తీసుకోనా?"

రేవతి గ్లాసు పక్కకి జరిపింది. చాయ్ చల్లారిపోయింది.

"మీ నాన్నయితే నర్సింగే అంటాడు" అంది చివరికి. "నా సంగతంటావా? నర్సింగ్ పాసై తొమ్మిదేళ్లు. ఇప్పటికీ కాంట్రాక్టే. మార్చి వచ్చిందంటే ఉంచుతారో పీకుతారోనని నిద్రపట్టదు. నా కింద పనిచేసే అటెండర్లు పర్మనెంటు. హాయిగా ఉన్నారు."

"అంటే జాబే తీసుకోమంటారా?"

"నేనలా అనలేదు. ఆ మాట నా నోటితో చెప్పించకు పాపా" అని రేవతి గబగబా లేచి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు వర్షిణి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పెన్సిలు కదలడం లేదు.

"దీదీ, హమ్ ఘర్ ఛోడేంగే క్యా? ఇల్లు వదిలేస్తామా? నా స్కూల్ కూడా మారిపోతుందా?"

"లేదు. తూ పఢ్, చదువుకో" అంది ఇంద్రజ. అనేశాక తెలిసింది, తను నిర్ణయం తీసేసుకుందని.

మర్నాడు పొద్దున్నే కాలేజీకి ఫోన్ చేసి సీటు వద్దని చెప్పింది. గొంతు వణకలేదు. వణకనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నాన్న గురించి ఆలోచిస్తే చెయ్యి ఆడదు. అందుకే ఇల్లు, చెల్లెలు, అమ్మ మోకాళ్ల నొప్పులు, ఇవే పదేపదే తలుచుకుంటూ సంతకం పెట్టేసింది. ఉమ చూసింది. కొంగు మొహం మీదికి లాక్కుంది.

పదిన్నరకు మామయ్యతో కలిసి వెళ్లి ఆ కాగితాన్ని ఆసుపత్రిలో తన చేత్తోనే ఇచ్చింది.

"కుటుంబాన్ని నిలబెట్టావు తల్లీ" అని బసవపున్నయ్య ఆమె తల నిమిరాడు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. ఇంద్రజ ఆ చేతిని విసిరికొట్టి వరండా చివరికి వెళ్లి, గోడ వైపు తిరిగి నిలబడింది.

వెంటిలేటర్ తీసెయ్యడానికి ఒప్పుకుంటూ కూతురు పెట్టిన సంతకాన్ని సరిచూసుకుని డాక్టరు ఐసీయూలోకి వెళ్లేసరికి, ఇంకో నాలుగు రోజుల్లో రిటైర్ కావలసిన పద్మనాభం ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు.