సీటు కింద నిమ్మకాయ

“తాడు గట్టిగా బిగించు జక్రయ్యా! దార్లో ఊడిందంటే నా పరువు పోద్ది,” అని అరిచాడు యలమంద. ఎడం చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతున్నా నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

ట్రాక్టరు డ్రైవరు జక్రయ్య తాడు బిగించాడు. వెనక ఉన్నది యలమంద పాత అంబాసిడరు కారు. చీమకుర్తి నుంచి రాళ్లతో వెళ్తున్న లారీని వెనక నుంచి గుద్ది, ముందు భాగమంతా నుజ్జునుజ్జయింది. ఇన్సూరెన్సు వాళ్లు చూసి టోటల్ లాస్ అని తేల్చేశారు. తుక్కు తమకు వదిలేస్తే మొత్తం సొమ్మూ ఇస్తామన్నారు. యలమంద వింటేగా! తుక్కు ఖరీదు కోసుకోమని చెప్పి, ఒంగోల్లో పడున్న కారును ఆ పొద్దున్నే ఇంటికి లాక్కొచ్చుకున్నాడు.

ఎందుకంటే, దాన్ని మెకానిక్ ఇమాం హుస్సేన్ షెడ్డు ముందు నిలబెట్టాలి. బోర్డు కూడా రాయించి సిద్ధంగా పెట్టుకున్నాడు: ‘దీని బ్రేకులు బాగుచేసింది ఈ షెడ్డులోనే.’

అతని భార్య వెంకటరావమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. వాకిట్లోకి వస్తోంది, వంటింట్లోకి పోతోంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

“ఆ తుక్కుని వాళ్లకే వదిలెయ్యరాదయ్యా! ప్రాణం దక్కింది, అది చాలదా?”

“నువ్వూరుకో. ఇయ్యాల నా చెయ్యి విరిగింది, రేపు ఇంకోడి మెడ విరుగుద్ది. పెడలు తొక్కితే దిగదేందే? కింద ఏదో అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది!”

ఆ మాట విన్నప్పుడల్లా వెంకటరావమ్మ గుండెల్లో రాయి పడుతోంది. ఆ అడ్డం ఏమిటో తనకు తెలుసు. బ్రేకులు చేయించుకుని కారు ఇంటికొచ్చిన మర్నాడే, దిష్టి తగలకుండా ఒక నిమ్మకాయకు పసుపు కుంకుమ రాసి, చీర పేలికలో చుట్టి, డ్రైవరు సీటు కింద కడ్డీకి ముడేసింది. హడావుడిలో వేసిన ముడి. సరిగ్గా పడిందో లేదో! మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆయన హేతువాద సంఘం కార్యదర్శి. గుమ్మానికి గుమ్మడికాయ కట్టనివ్వడు సరికదా, పరాయివాళ్ల బండికి నిమ్మకాయలు కనపడ్డా ఆపి మరీ క్లాసు పీకుతాడు.

పొద్దుట్నుంచి కారులో వెతుకుదామని చూస్తే ముందు తలుపులు రెండూ నొక్కుకుపోయి తెరుచుకోలేదు. ట్రాక్టరు కదిలింది. ఆమె కొంగు నడుముకు దోపుకుని వెనకే నడిచింది.

షెడ్డు దగ్గర అప్పటికే జనం పోగయ్యారు. ఇమాం హుస్సేన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

“అన్నా, నీ కారు నా చేతుల్లోనే పెరిగింది. దాని బ్రేకుల్లో నేను తప్పు చేస్తానా?”

“చేశావుగా! ఇదుగో, చెయ్యి చూడు!”

“ఈ మాట పుట్టిన కాణ్నుంచీ షెడ్డుకి ఒక్క బండి రావటం లేదన్నా. నువ్వు బోర్డు కూడా కట్టావంటే నేను తాళం వేసుకోవటమే.”

“వేసుకో!”

షెడ్డు పక్క గుమ్మంలో హుస్సేన్ భార్య రహమతున్నీసా నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. ఆమె కళ్లు కనపడగానే వెంకటరావమ్మకు ఇక పట్టశక్యం కాలేదు.

“ఆగయ్యా! అతని తప్పు కాదు. నేనే చేశా! సీటు కింద నిమ్మకాయ పెట్టా. అదే జారి పెడలు కింద పడింది.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. యలమంద చేతిలోని బోర్డు ఊపుతూ విరుచుకుపడ్డాడు.

“నువ్వా? నా ఇంట్లో ఉండి, నా కారులో, నిమ్మకాయా! ఊరూరా తిరిగి నేను చెప్పేదేంది, నువ్వు చేసేదేంది? తల ఎక్కడ పెట్టుకోవాలే నేను?”

హుస్సేన్ అదేమీ వినడం లేదు. గడ్డపార తెచ్చి డ్రైవరు తలుపును పెళ్లగించాడు. లోపలికి దూరి పెడలు కింద చెయ్యి పెట్టి లాగాడు. గుడ్డలో చుట్టిన నిమ్మకాయ, చితికి ఎండిపోయి, వచ్చింది. అతను దాన్ని జనానికి ఎత్తి చూపించాడు. రహమతున్నీసా గోడకు చేరగిలబడి భోరుమంది.

“చూశారా నా పెళ్లాం నిర్వాకం!” అన్నాడు యలమంద. “మూఢనమ్మకం మనుషుల్ని చంపుద్దని చెబితే విన్నారా? ఇంకొంచెం అయితే నన్ను చంపేదే!”

వెంకటరావమ్మ తల వంచుకుని నిలబడింది. అవమానం అవమానమే, కానీ గుండె మీద బరువు దిగిపోయింది. హుస్సేన్ మళ్లీ కారులోకి వంగాడు.

“వదినా, సీటు కింద కడ్డీకి ఇంకోటి కట్టి ఉందే. ఇదెవరిది?”

పక్కకు జరిగి చూపించాడు. పసుపంటిన చీర పేలిక. వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఆమె గబుక్కున మొదటి నిమ్మకాయ కేసి చూసింది. దాన్ని చుట్టింది చీర పేలిక కాదు, తెల్ల చేతిరుమాలు. మూల ఆకుపచ్చ దారంతో కుట్టిన పువ్వు ఆమె చేత్తో కుట్టిందే. ఎక్కడో పారేసుకున్నానని ఆయన చెప్పిన రుమాలు.

మెల్లగా తలెత్తి మొగుణ్ని చూసింది. యలమంద చేతిలోంచి బోర్డు జారి పడిపోయింది. అతను ఆమె పక్కకు జరిగి, జనానికి వినపడకుండా చెవి దగ్గర అన్నాడు:

“రెండు నిమ్మకాయలూ నువ్వే పెట్టావని చెప్పవే, నీకు పుణ్యముంటది!”