తల్లిపిచ్చుక ఏం చేసింది?

“అప్పుడు తండ్రిపిచ్చుక గూటికి వచ్చింది. తల్లిపిచ్చుక ఏం చేసిందో ఎవరు చెబుతారర్రా?” అని అడిగారు లైబ్రేరియన్ ముత్యాలుగారు.

అమలాపురం గ్రంథాలయంలో అది ఆదివారం కథల గంట. పిల్లలు చాపల మీద, వాళ్ళను తీసుకొచ్చిన పెద్దవాళ్ళు వెనక బెంచీల మీద కూర్చున్నారు.

బుల్లెమ్మ మనవరాలు లాస్య లేచి నిలబడింది. ఐదేళ్ళ పిల్ల.

“కళ్ళు మూసుకుని పడుకుందండి. కదిలితే మళ్ళీ కొడతాడండి.”

ఇద్దరు ముగ్గురు పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు.

“అలాగని ఎవరు చెప్పేరమ్మా?” ముత్యాలుగారు గొంతు తగ్గించారు.

“మా అమ్మండి. నన్నూ అలాగే పడుకోమందండి.”

వెనక బెంచీ మీంచి బుల్లెమ్మ లేచింది. కోడలు వాణి మూడు రోజులుగా ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. మేడమెట్ల మీద జారిపడిందని కొడుకు అంజిబాబు చెప్పాడు. వాడి ముఖం చూశాక ఆవిడకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఎలా పడిందని డాక్టరు అడిగితే మాత్రం, “జారడం నేను కళ్ళారా చూసేనండి” అని తానే చెప్పింది.

మనవరాలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

గేటు దాటాక లాస్య ఆగిపోయింది. “నేను చెప్పేనని నాన్నకి చెప్పేస్తావా, నానమ్మా?”

బుల్లెమ్మ తల అడ్డంగా ఊపింది.

“మరి ఇంటికేనా?”

“కాదమ్మా, ఆసుపత్రికి. డాక్టరుగారికి నేను అబద్ధం చెప్పేను.”