పేర్లు రాసిన టికెట్

"బంతి విసిరే పిచర్లిద్దరి పేర్లూ టికెట్ మీద రాయించుకో బాబూ. ఆఖరి నిమిషంలో ఎవరైనా మారితే నీ డబ్బు నీకొచ్చేస్తుంది" అంది కౌంటర్లో ఆవిడ.

"ఎవడు విసిరితే నాకేంటమ్మా? డెట్రాయిట్ జట్టు గెలిస్తే చాలు. తొందరగా కొట్టు" అన్నాడు వెర్లిన్.

అమెరికాలో రీనో అనే ఊళ్లో, బేస్‌బాల్ ఆటల మీద పందేలు కాసే హాలు అది. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చొక్కా మీద 'నోరీన్' అని పేరు బిళ్ళ.

"విసిరేవాణ్ణి బట్టే కదా రేటు. ఇవాళ డెట్రాయిట్‌కి మెక్‌గ్రేడీ విసురుతున్నాడు కాబట్టి నీ నాలుగొందల మీద ఇంకో నాలుగొందలు. అతను లేకపోతే అది జట్టే కాదు. జట్టు టోపీ చూసి కాదు బాబూ, బంతి విసిరే చేతిని చూసి కాయాలి."

"సరే, రాసుకో. ఆ ఏడుపు మొహం మాత్రం ఇటు పెట్టకు. కలిసిరాదు."

ఆవిడ అతని గోళ్ల కింద నల్లటి మట్టిని చూసింది.

"గని పనా?"

"నీకెందుకు?"

ఆవిడ టికెట్ చేతిలో పెట్టింది.

వెర్లిన్ రేట్ల బోర్డు ఎదురుగా కూలబడ్డాడు. ఆ నాలుగు వందల డాలర్లు అతనివి కావు.

పోయినవారం గనిలో కప్పు కూలి హోబర్ట్ పెల్ అనే మనిషి చనిపోయాడు. ముప్ఫై ఒక్కమంది చందాలు వేసుకున్నారు. 'పెల్ కుటుంబానికి, ఎనిమిది వందలు' అని మేస్త్రీ కవరు మీద చిరునామాతో సహా రాసి, రీనోలో అందించి రమ్మని వెర్లిన్‌కి ఇచ్చాడు. వెర్లిన్ పనిలో చేరి రెండు నెలలే. హోబర్ట్‌ది వేరే షిఫ్టు, ముఖపరిచయం కూడా లేదు. కాకపోతే సెలవులో ఉన్నది అతనే, ట్రక్కు ఉన్నదీ అతనికే.

ఎనిమిది వందల్ని వెయ్యి చేసి ఇస్తే ఆ ఇల్లాలు సంతోషిస్తుంది కదా అనుకున్నాడు. పాడుబుద్ధి పుట్టినప్పుడల్లా మనం దానికి మంచి పేరే పెట్టుకుంటాం. నిన్న సాయంత్రం పందేల్లో సగం ఊడ్చుకుపోయింది.

ఇవాళ ఐదింటిలోగా ఆ ఇల్లాలు సమాధి స్థలానికి ఎనిమిది వందలూ కట్టకపోతే హోబర్ట్‌ని దిక్కులేని శవాల పక్కన పూడుస్తారు. ఎంత డబ్బో కవరు మీదే ఉంది. వెర్లిన్‌కి చెప్పుకోడానికి అబద్ధం కూడా మిగల్లేదు.

ఆట మొదలవడానికి పది నిమిషాలుందనగా హాల్లో గోల లేచింది. మెక్‌గ్రేడీకి భుజం నొప్పి. ఆడటం లేదు. బదులుగా ఎవరో కొత్తవాడు.

బోర్డు మీద అంకెలు మారాయి. డెట్రాయిట్ గెలిస్తే ఇప్పుడు నాలుగొందల మీద ఆరొందల నలభై.

వెర్లిన్ ప్రాణం లేచొచ్చింది. కౌంటర్ దగ్గరికి పరిగెత్తాడు.

"నా టికెట్‌కి ఆరొందల నలభై కదా?"

"పేర్లు రాశాం కదా బాబూ. మెక్‌గ్రేడీ లేడు, పందెం రద్దు. ఇదిగో నీ నాలుగొందలు."

"నా నోటికాడ కూడు తీసేశావు కదే!"

"రేటు ఎందుకు పెరిగిందో ఆలోచించు. వాళ్లు గెలవరని."

అరుపులకి మేనేజరు వచ్చాడు.

"పేర్లు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఈవిడే రాసేసింది" అన్నాడు వెర్లిన్. ఆవిడ వంక మాత్రం చూడలేదు.

"అతను సరేనన్నాకే రాశాను సార్" అంది ఆవిడ.

"బుర్ర పనిమీద లేనప్పుడు సెలవు పెట్టమని నిన్ననే చెప్పానా నోరీన్?"

"సెలవు పెడితే జీతం రాదు కదా సార్."

"ఇక ఎటూ రాదులే. బిళ్ళ తీసిచ్చి వెళ్లు."

ఆవిడ పిన్ను ఊడదీసి బిళ్ళని బల్ల మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ వెర్లిన్ వంక చూసింది.

"డబ్బు లోపలి జేబులో పెట్టుకో బాబూ. పడిపోతుంది."

వెర్లిన్ మళ్లీ పందెం కాద్దామని తిరిగేసరికి మొదటి బంతి పడింది. కౌంటర్ మూసేశారు. ఆట సాగినంతసేపూ ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాడు.

కొత్తవాడు విసిరిన బంతుల్ని చితక్కొట్టారు. పదకొండు పరుగులకి ఒక్క పరుగే చేసి డెట్రాయిట్ ఓడిపోయింది.

వెర్లిన్ లోపలి జేబు తడుముకున్నాడు. నాలుగు వందలూ ఉన్నాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"ఆవిడ చెప్పిందే నిజం సార్. అబద్ధమాడింది నేను."

"ఇప్పుడా చెప్పడం? ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశాను."

"ఇల్లెక్కడో చెప్పండి. క్షమించమని అడుగుతాను."

"పని మానేసినవాళ్ల ఇళ్లు నాకెందుకయ్యా? వెళ్లు."

సాయంత్రం ఆటలకి పందేలు అప్పుడే మొదలయ్యాయి. వెర్లిన్ కాసేపు బోర్డు వంక చూశాడు. తర్వాత వెళ్లి ట్రక్కెక్కాడు.

కవరు మీద ఉన్న చిరునామా ఊరి చివర రేకుల ఇళ్లది. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. సగం నేనే తగలేశానమ్మా, జీతం రాగానే తీరుస్తాను, కాళ్లు పట్టుకుంటాను. ఎవరో పుణ్యాత్మురాలి దయవల్ల ఈ సగమైనా మిగిలింది.

మెట్లెక్కి తలుపు కొట్టాడు.

"ఎవరూ?"

"గని నుంచి వచ్చానమ్మా. మీ ఆయన తాలూకు డబ్బు..."

తలుపు తెరిచిన హోబర్ట్ పెల్ భార్య చొక్కా మీద, పేరు బిళ్ళ ఉండాల్సిన చోట, పిన్ను గుచ్చిన రెండు చిల్లులున్నాయి.