ఎండలో స్వెట్టరు

బస్సు దిగగానే వేడిగాలి ముఖాన కొట్టింది.

"అబ్బ! ఈ పొయ్యిలోనేనా మనం కాపురం చేసింది?" అంది భార్య, కొంగుతో విసురుకుంటూ.

"ఈ పొయ్యే మనకు తిండి పెట్టింది. ఎండ లేకపోతే ఫ్యాన్లు ఎవరు కొంటారు?" అన్నాడతను.

ఒకప్పుడు ఈ ఊళ్లో అతన్ని అందరూ ఫ్యాన్లాయన అనేవారు. వరదలో దుకాణం మునిగాక, చలి ఊరికి పోయి ఉన్ని స్వెట్టర్ల వ్యాపారం పెట్టాడు. ఎక్కడ ఏది లేక జనం అల్లాడతారో అక్కడ అది అమ్మాలి. అతని లెక్క అంతే.

ఇప్పుడు సంవత్సరం చివరి సెలవులు; ఈ ఊళ్లో చలికాలంలోనూ ఎండే. నాలుగు రోజులు ఉండటానికి వచ్చారు. మొదటి రోజు మాత్రం ఒక్క పనికే. ఐసు ఫ్యాక్టరీ యజమానికి కూతుర్ని చూపించి, ఎదురుగా నిలబడి చేతులు జోడించాలి.

పదకొండేళ్ల కిందటి మాట. ఆ వరద వారం ఊరంతా చీకటి. ఆస్పత్రి దారి తెగిపోయింది. మూడేళ్ల పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది. "ఎలాగైనా ఒళ్లు చల్లబరచండి. లేకపోతే నా చేతుల్లో లేదు," అన్నాడు పక్కింటి డాక్టరు.

మర్నాడు తెల్లవారి తలుపు తీస్తే గడప దగ్గర గోనెసంచి. లోపల రంపపు పొట్టు, మధ్యలో ఐసుగడ్డ. సంచి మీద ఫ్యాక్టరీ ముద్ర.

అలా ఏడు రోజులు. పిల్ల దక్కింది.

ఆ హడావుడిలోనే ఊరు వదిలారు. నోటితో ఒక్క మాట చెప్పడం కుదరలేదు. అందుకే ఏటా ఈ రోజుల్లో ఆ యజమానికి ఒక స్వెట్టరు పంపేవాడు.

"చెమటలు కారే మనిషికి ఉన్ని స్వెట్టరేమిటండీ! నవ్వుకుంటాడు," అనేది భార్య.

"నా దగ్గరున్న మేలైన సరుకు అదే మరి," అనేవాడు.

బస్టాండు నీడలో సామాను దింపుతుంటే కూతురు కిసుక్కున నవ్వింది.

"నాన్నా, ఇక్కడ కూడా నీకో గిరాకీ!"

ఎదురుగా ఒక ముసలివాడు. మండుటెండలో ముదురు ఎరుపు స్వెట్టరు, మెడదాకా గుండీలు. మోచేతుల దగ్గర వెలిసిపోయింది. ముఖమంతా చెమట. కళ్లు మాత్రం పిల్ల మీదే.

"అటు చూడకే. పిచ్చివాడిలా ఉన్నాడు," అంది తల్లి.

ముసలివాడు దగ్గరికొచ్చాడు. "పాప... పాపేనా?" అన్నాడు తడబడుతూ.

జవాబు కోసం ఆగకుండానే చెయ్యి తిప్పి, పిల్ల నుదుటి మీద ఆనించాడు.

"ఏయ్! చెయ్యి తియ్!"

తండ్రి తోసిన తోపుకు ముసలివాడు మోకాళ్ల మీద పడ్డాడు.

"తప్పుగా అనుకోకండి బాబూ. ఊరికే... ఒకసారి చూద్దామని..."

"చూడ్డానికి అదేమన్నా అంగట్లో బొమ్మా? ఎదిగిన ఆడపిల్ల మీద చెయ్యి వేస్తావా? ఆ వయసుకైనా సిగ్గుండాలి!"

జనం మూగారు. "నాలుగు తగిలించండి సార్, కుదురుతుంది," అన్నాడెవరో. కాపలావాడొచ్చి ముసలివాణ్ణి స్వెట్టరు పట్టుకుని గేటు వైపు ఈడ్చుకెళ్లాడు.

ముసలివాడు ఎదురు చెప్పలేదు. గేటు దగ్గర మాత్రం ఒకసారి వెనక్కి తిరిగాడు.

"చల్లగానే ఉందిలే. అది చాలు," అన్నాడు.

"ఈ ఎండలో చల్లగా ఉందట! బాగా ముదిరింది," అన్నాడు కాపలావాడు.

జనం నవ్వారు. పిల్ల తండ్రీ నవ్వాడు.

"పెద్దవాడు పాపం. తోయకుండా ఉండాల్సింది," అంది భార్య ట్యాక్సీలో.

అతను టైము చూసుకున్నాడు. గడియారం పట్టీకి ఎర్ర పోగొకటి చిక్కుకుని ఉంది. అలవాటుకొద్దీ రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. మంచి ఉన్ని. ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చి ఉంటాడనుకుని కిటికీలోంచి విసిరేశాడు.

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో యజమాని లేచి ఎదురొచ్చాడు.

"రండి, రండి ఫ్యాన్లాయనా! ఇదేనా అమ్మాయి? ఎంత ఎదిగిపోయింది!" అంటూనే వాళ్ల వెనక ఇంకెవరి కోసమో చూశాడు.

అతను కూతుర్ని ముందుకు నిలబెట్టి చేతులు జోడించాడు. "ఈ పిల్ల ప్రాణం మీరు పెట్టిన భిక్షండీ."

"నేనా? నేనేం చేశాను?"

"ఆ వరద వారం... ఏడు రోజులు... మీ ఐసు."

యజమాని తెల్లబోయాడు. "ఊళ్లో కరెంటే లేదు కదండీ! మిషన్లు ఆగిపోయి నేను తలపట్టుకుని కూర్చున్నాను. కరెంటు లేకుండా ఐసెలా అవుతుంది? ఫ్యాన్లు అమ్మినవారు, మీకు నేను చెప్పాలా?"

పదకొండేళ్లలో ఈ చిన్న లెక్క అతనికి తట్టనే లేదు.

"అయితే అది మా ఐసు తాత పనే. మా ఐసుగదిలో పనిచేస్తాడు. అప్పట్లో మీ వెనక సందులోనే ఉండేవాడు. మొలలోతు నీళ్లలో ఆరు మైళ్లు రేవుదాకా పోయి, జనరేటరున్న చేపల గోదాములో అడిగి, మా సంచుల్లోనే ఐసు నెత్తిన మోసుకొచ్చేవాడు. ఎవరికయ్యా అంటే, 'సందులో పసిపిల్ల ఏడుస్తోందండీ, నాకు కన్ను మూతపడటం లేదు,' అన్నాడు. ఆ పిల్ల మీ పిల్లేనన్నమాట! ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు చూడండి."

కూతురు తండ్రి ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఏమనుకోకండి, పాత పరిచయం కొద్దీ పంపుతున్నారనుకుని మీ స్వెట్టర్లు కూడా అతనికే ఇచ్చేవాణ్ణి. ఈ ఊళ్లో చలి ఉండేది ఐసుగదిలోనే కదా!" అని యజమాని నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు. అతను గడియారమున్న చేతిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

"మీరొస్తున్నారని చెప్పగానే, 'పాపను నేనే తీసుకొస్తా, తన స్వెట్టరు నా ఒంటిమీద చూస్తే ఫ్యాన్లాయన ఇట్టే గుర్తుపడతాడు,' అంటూ పొద్దున్నే బస్టాండుకి బయల్దేరాడే," అన్నాడు యజమాని గుమ్మం వైపు చూస్తూ, "కనబడలేదా?"