చెవిటి జవాను

మైసయ్య చెవిటివాడన్న సంగతి మగ్గాల వాడకు ఒక ఇత్తడి బిందె వల్ల తెలిసింది.

పెంటవ్వ చేతిలోంచి జారిన బిందె అతని వీపు వెనకే బండ మీద ఖంగుమని పడింది. ఎదురింటి పిల్లి గోడ దూకి పారిపోయింది.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్న మైసయ్య మాత్రం తల తిప్పలేదు. ఒళ్లో ఉన్న కర్రను కాస్త గట్టిగా పట్టుకున్నాడు, అంతే.

"ఓ దుర్గవ్వా! గీనికి చెవుల్లేవే!" పెంటవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది.

పొరుగింటి దుర్గవ్వ పడి పడి నవ్వింది. "మగ్గాల చప్పుడు పట్టెటందుకు చెవిటోన్ని పెట్టిన్రా? సర్కారంటె గిట్లుండాలె!"

అవి జర్మన్ యుద్ధం నాటి రోజులు. సిద్దిపేటలో నూలుకు కంట్రోలు వచ్చింది. పర్మిట్ లేని మగ్గం మోగకూడదు. పర్మిట్ కావాలంటే నేసిన గుడ్డ నమూనా చూపాలి. నమూనా నేయాలంటే పర్మిట్ ఉండాలి. ఈ ముడి ఎక్కడ విప్పాలో వేసినవాళ్లకే తెలియదు కాబట్టి, వాడకు మైసయ్యను జవానుగా కాపలా పెట్టి చేతులు దులుపుకున్నారు. నేసేవాళ్లకు నూలు దొరకలేదు గానీ, నేయకుండా చూసేవాడికి జీతం దొరికింది.

పెంటవ్వ దగ్గర నూలుంది. పోయిన మొగుడు యుద్ధానికి ముందెప్పుడో కొని అటక మీద దాచిన నూలు అది. దానికి పర్మిట్ ఏదని కంట్రోలు అమలు చూసే అమీను అడిగాడు.

"గప్పుడు పర్మిట్లు లెవ్వు గద దొరా!"

"లేకుంటే నాకేంది? గప్పటి పర్మిటే తేవాలె. తెచ్చేదాక నూలు ముట్టద్దు. ముట్టినవో, మగ్గం గుంజుకపోతం."

ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. బతకడానికి ఉన్నది నేలలో గుంట తవ్వి అమర్చిన ఆ మగ్గం ఒక్కటే. బిందె పడిన మర్నాడే ధైర్యం చేసి గుంటలోకి దిగింది. కిటికీకి అవతల జవాను, ఇవతల దారాల మధ్య టకటకమంటూ ఉరికే నాడె.

అమీను గుర్రం వాడ మొదట్లో కనబడగానే మగ్గాలన్నీ ఆగిపోయేవి.

"ఏం మైసయ్యా, చప్పుడు ఇనవడ్డదా?"

మైసయ్య తల అడ్డంగా ఊపేవాడు. ఏది అడిగినా అలా ఊపడమే అతను నేర్చిన ఉద్యోగమని వాడంతా నవ్వుకునేది. మగ్గాలన్నీ ఆగిపోయాయని అమీను పైవాళ్లకు చెప్పుకునేవాడు. అంగట్లోకి కొత్త చీరెలు మాత్రం వస్తూనే ఉండేవి.

చెవిటివాడితో ఎవరు మాట్లాడతారు? పలకరింపు లేదు, పండక్కి పిలుపు లేదు. పొద్దుగూకేదాకా ఒక్కడే కూర్చుని, గొంగడి దులుపుకుని వెళ్లిపోయేవాడు.

పెంటవ్వ ఒక్కతే మాట్లాడింది. పక్కనే కూర్చుని నూలు కండెలు చుడుతూ, మొదట్లో తిట్టింది.

"నీ సర్కారు మన్నుగాను! ముసలిదాని బువ్వకు కావలి కూసున్నవు, సిగ్గు లేదురా నీకు?"

మైసయ్య నవ్వాడు.

పోను పోను తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టింది. వినని మనిషికి చెప్పుకుంటే బరువు దిగుతుంది, నలుగురి నోళ్లలో పడదు. ఆమెకు ఒకే ఒక్క ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. ఆ పిల్లను లోలోపల ఒక పేరుతో పిలుచుకునేది. మొగుడికి కూడా చెప్పని ఆ పేరు మైసయ్యకు చెప్పింది.

"అనసూర్య అనుకుంటరా దాన్ని. బతికుంటె నీ ఈడుదై ఉంటుండె."

ఇంకోరోజు, "రెండొద్దులాయె పొయ్యి ముట్టియ్యక" అని నిట్టూర్చింది.

మర్నాడు తలుపు దగ్గర జొన్నల సంచి ఉంది. దుర్గవ్వ పెట్టి ఉంటుందనుకుంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు.

ఆ చలికాలం మైసయ్య రావడం మానేశాడు. కొత్త జవాను వచ్చాడు. అతనికి రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి. మొదటి రోజే చప్పుడు పట్టాడు. సాయంత్రానికి పెంటవ్వ మగ్గం విప్పి బండికెత్తుకుపోయారు.

గుంట ఒక్కటే మిగిలింది. పెంటవ్వ దాని అంచున కూర్చుని ఖాళీ అరుగు వైపు చూసింది. ఈ దుఃఖం చెప్పుకుందామంటే, వినని మనిషి కూడా లేకపోయాడు.

కొన్నాళ్లకు జగదేవ్‌పూర్ నుంచి ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మైసయ్య అక్కనవ్వా, సిద్ధమ్మను. జెరమొచ్చి తమ్ముడు పోయిండు. నిన్నొక్కసారి చూసి రమ్మని చెప్పిండు."

"అయ్యో! చెవుల్లేకున్నా మంచోడు బిడ్డా."

సిద్ధమ్మ వింతగా చూసింది. "చెవుల్లేకపోవుడేంది? చేన్ల కావలుంటె, పంది ఆకు కదిపినా లేచి ఉరికేటోడు."

పెంటవ్వకు అర్థం కాలేదు.

"మా చేన్ల జొన్నలు తెచ్చిచ్చిండు గద, ఒడిసినయా?" అని అడిగింది సిద్ధమ్మ. "మొన్న మా బిడ్డ ఆడపిల్లను కన్నది. ఆడపిల్లయితె అనసూర్య అని పెట్టుమని పోయేముందు తమ్ముడే చెప్పిండు. నీ బిడ్డ పేరట గద అవ్వా?"

పెంటవ్వ ఖాళీ అరుగు వైపు తిరిగింది. ఆనాడు పడిన బిందె, అతను గట్టిగా పట్టుకున్న కర్ర, తను నోరారా తిట్టిన తిట్లు అన్నీ గుర్తుకొచ్చాయి.

"మరి గిన్ని దినాలు... చెవిటోని లెక్క ఎందుకు కూసున్నడే?"

సిద్ధమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నేను సుత గదే అడిగిన. 'నాకు చెవులున్నయంటె ఆ అవ్వకు మగ్గం ఉండదక్కా' అన్నడు."