వెనకాలే నడిచిన మనిషి

“ఏమండీ, ఆవిడ మళ్ళీ ఆగింది,” అంది భార్య గొంతు తగ్గించి.

ఆయన వెనక్కి తిరిగాడు. నిజమే. అడవి పార్కులో అడుగు పెట్టినప్పటి నుంచీ ఇదే వరస. వీళ్ళు నడిస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. నెత్తిన పాత టోపీ, చేతిలో కర్ర.

ఇప్పుడు ఆపింది వీళ్ళ చిన్నది. ఆ నాలుగేళ్ళ పిల్లకి నడక కంటే గులకరాళ్ళ మీదే ధ్యాస. గౌను జేబులు అప్పుడే నిండిపోయాయి. పెద్దవాడేమో “నేనే ఫస్ట్!” అంటూ ముందు ఉరుకుతున్నాడు. వాణ్ణి ఆపేసరికే తండ్రికి తల ప్రాణం తోకకొస్తోంది.

“ఇదిగో అమ్మా,” అన్నాడు ఉండబట్టలేక, “మా వెంట ఎందుకు పడ్డారు?”

“నా దారిన నేను నడుస్తున్నా నాయనా.”

“అయితే ముందు నడవండి.”

“మీరే పదండి. చిన్నదాన్ని మాత్రం ముందుంచుకోండి.”

“మా పిల్లల్ని ఎలా చూసుకోవాలో మాకు తెలుసు లెండి!”

ఆవిడ పక్కనున్న బండ మీద కూర్చుంది.

“హమ్మయ్య, పీడ విరగడైంది,” అన్నాడాయన.

“పాపం, పెద్దావిడ. అంత కసరాలా?”

“నీకు అందరూ పాపమే!”

కాస్త పైన దారి రెండుగా చీలింది. ఒకటి కొండ మీదికి, ఇంకోటి కొలను దగ్గరికి. వీళ్ళు కొండెక్కారు. పైకి చేరి నీళ్ళ సీసా మూత తీస్తూ ఆయన అడిగాడు.

“చిన్నదేది?”

“మీ దగ్గర లేదూ?”

“నీ దగ్గరుందనుకున్నా!”

పెద్దవాణ్ణి చంకనేసుకుని దిగారో దొర్లారో వాళ్ళకే తెలీదు. కొలను దారిలో ఒక గులకరాయి. ఇంకాస్త ముందు ఇంకోటి. ఒడ్డున చిన్న కుప్ప. పిల్ల లేదు.

“తల్లీ!” అని గావుకేక పెట్టాడు.

గేటు వైపు నుంచి వాచ్‌మన్ ఈల వినిపించింది.

పరిగెత్తుకెళ్ళేసరికి అతని స్టూలు మీద కూర్చుని బిస్కెట్ తింటోంది చిన్నది. గౌను నడుం దాకా తడిసి ఉంది. తల్లి దాన్ని గుండెకి హత్తుకుని భోరుమంది.

“నీళ్ళలోకి దిగిపోయింది సార్. టోపీ అమ్మగారు ఎత్తుకొచ్చారు.”

“ఆవిడేరీ?”

వాచ్‌మన్ చెయ్యి చూపించాడు. పిలిస్తే వినబడనంత దూరంలో, ఇంకో కుటుంబం వెనకాల, పాత టోపీ మలుపు తిరుగుతోంది.

“పార్కు ఉద్యోగా ఆవిడ?”

“కాదు సార్. సెలవైతే చాలు వస్తారు. చిన్నపిల్లలున్న వాళ్ళ వెనకాలే నడుస్తారు. చాలామంది కసురుకుంటారు కూడా.”

ఆయన తల దించుకున్నాడు. “మరెందుకు వస్తారు?”

“ఆవిడకీ ఓ పాప ఉండేది సార్. ఆ కొలను దగ్గరే... ఆవిడ భర్త ‘నీ దగ్గరుందనుకున్నా’ అన్నారట, కానీ ఆ రోజు వాళ్ళ వెనకాల ఎవరూ లేరు.”